తేనెటీగల కోసం తొలి వసంతపు దుంప పూలు: దసరా దీపావళి మధ్య నాటండి, మార్చిలో పూస్తాయి

అమెరికాలో చలి గట్టిగా ఉండే చోట్ల, అంటే న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, బోస్టన్ చుట్టుపక్కల, చికాగో, మిచిగన్, ఒహాయో లాంటి చోట్ల సొంత ఇల్లూ కాస్త పెరడూ ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మనవాళ్లు వేసవిలో బెండ, గోంగూర, దోస, టమాటా బ్రహ్మాండంగా పండిస్తారు. అక్టోబరు రాగానే పందిరి పీకేసి, నీళ్ల గొట్టం చుట్టి గరాజ్‌లో పడేసి, మళ్లీ ఏప్రిల్‌లో నారు పోసేదాకా పెరటి వైపు కన్నెత్తి చూడరు. కానీ జులైలో మీ దోసపాదుకీ గుమ్మడిపాదుకీ పిందె నిలబడాలంటే తేనెటీగలు, బంబుల్‌బీలు లాంటి ఈగలు రావాలి, ఆ ఈగలకి ఏడాది మొత్తంలో తిండి దొరకని రోజులు ఫిబ్రవరి చివర్నుంచి ఏప్రిల్ మధ్య వరకు. ఆ లోటు కొంతైనా తీర్చే పని, అంటే తొలి వసంతంలో పూసే దుంపలు (బల్బులు) నాటడం, మీరు అక్టోబరులో చేయాలి. ఒక శనివారం మధ్యాహ్నం సరిపోతుంది, ఒక్కసారి నాటితే ఏళ్ల తరబడి వాటంతట అవే వస్తాయి.

ముందు ఎందుకో చెప్తాను, ఇది తెలిస్తే ఏ పువ్వు కొనాలో ఎవరూ చెప్పక్కర్లేదు. తేనెటీగలు చలికాలమంతా గూట్లో ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని, దాచుకున్న తేనె తింటూ వెచ్చగా బతుకుతాయి. ఇంకా మంచు కరగకముందే రాణి మళ్లీ గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది. పిల్లల్ని పెంచడానికి తేనె ఒక్కటే చాలదు, పుప్పొడి కావాలి, అది తాజాగా దొరికితే ఇంకా మంచిది. బయట 50 డిగ్రీల ఫారన్‌హీట్ దాటి ఎండ కాస్తే చాలు, తేనెటీగలు వెతుక్కుంటూ బయల్దేరతాయి. బంబుల్‌బీల సంగతి ఇంకా కష్టం. వాటిలో పాత కాలనీ మొత్తం చలికాలానికి ముందే చచ్చిపోతుంది, కొత్త రాణి ఒక్కతే మట్టిలో దూరి చలికాలం గడిపి వసంతంలో పైకొస్తుంది. ఒంటి నిండా నూగుతో, రెక్కల కండరాలు వణికించి ఒళ్లు వేడెక్కించుకుంటుంది కాబట్టి తేనెటీగ కదలలేనంత చలిలో కూడా అది ఎగరగలదు. కానీ ఆ వేడికి ఇంధనం మకరందమే. ఆ వారం పది రోజుల్లో దానికి పూలు దొరికితే మీ వీధిలో ఒక కాలనీ పుడుతుంది, దొరక్కపోతే పుట్టదు. అంత సన్నని దారం మీద ఉంటుంది వ్యవహారం.

నిజానికి తొలి వసంతంలో ఈగలకి ఎక్కువ పుప్పొడి పెట్టేవి రెడ్ మేపుల్, విల్లో లాంటి పెద్ద చెట్లు. మీ వీధిలో అవి ఉంటే అదృష్టమే. కొత్తగా కట్టిన సబ్ డివిజన్లలో మాత్రం చెట్లు కొట్టేసి, చదును చేసి, పచ్చగడ్డి పరిచి ఇళ్లు అమ్ముతారు, మార్చిలో అక్కడ మైళ్ల కొద్దీ ఒక్క పువ్వు ఉండదు. దుంప పూలు ఎక్కువ పనికొచ్చేది అలాంటి చోటే.

ఏవి కొనాలి

స్టోర్లో మొట్టమొదట మీ కళ్లు లాగేది పెద్ద పెద్ద టులిప్స్, డాఫోడిల్స్ బొమ్మలున్న సంచులు. ఆగస్టు చివర్నుంచే కాస్ట్‌కోలో, హోమ్ డిపోలో గుట్టలుగా పెడతారు. అందానికి కావాలంటే కొనుక్కోండి, కానీ ఈగల కోసమైతే వాటిని పక్కన పెట్టండి. మామూలు డాఫోడిల్స్ మీద ఈగలు పెద్దగా వాలవు. ఇక డబుల్ అని రాసి ఉన్న రకం ఏ పువ్వులోనైనా వద్దు. డబుల్ పువ్వులో కేసరాలు రేకులుగా మారిపోయి ఉంటాయి, ముద్దబంతిలా నిండుగా కనిపిస్తుంది గానీ ఈగకి పుప్పొడి ఉండదు, ఒకవేళ మకరందం ఉన్నా రేకుల మధ్యలోంచి దారి ఉండదు. సాదాగా, విచ్చుకున్నప్పుడు మధ్యలో కేసరాలు బయటికి కనిపించే చిన్న పువ్వులే మీకు కావాలి. ఈ చిన్న దుంపలు పెద్ద టులిప్స్ కంటే చవక కూడా.

మొదటి స్థానం నిస్సందేహంగా క్రోకస్‌ది. అందులోనూ పెద్ద పూల డచ్ క్రోకస్ కంటే ముందుగా పూసే చిన్న రకాలు మేలు. సంచి మీద స్నో క్రోకస్ అనో, క్రోకస్ క్రిసాంథస్ అనో ఉంటుంది. ఇంకో రకం క్రోకస్ టొమాసినియానస్, తోట పిచ్చోళ్లు ముద్దుగా టామీ అంటారు, లేత ఊదా రంగు, సన్నటి పువ్వు. పెట్టిన చోట పెట్టినట్టు ఉండకుండా విత్తనాలతో, పిల్లదుంపలతో ఊరుకోకుండా పెరుగుతుంది, పైగా మిగతా క్రోకస్‌ల మీద పడ్డట్టు ఉడతలు దీని మీద పడవు. ఒక్కటే కొనగలిగితే ఇదే కొనండి.

స్నోడ్రాప్ అన్నింటికంటే ముందు పూసేది. సెంట్రల్ న్యూజెర్సీలో ఫిబ్రవరిలోనే, చుట్టూ మంచు ఉండగానే తల వంచుకుని తెల్లగా పూస్తుంది. దీని దుంప ఎండిపోతే తట్టుకోలేదు, అందుకని తెచ్చిన రోజో మర్నాడో నాటేయండి, గరాజ్‌లో నెల రోజులు పెట్టొద్దు. వింటర్ ఎకోనైట్ దాంతోపాటే పసుపు రంగులో, నేలకి అంటుకుని పూస్తుంది. దాని దుంప ఎండిన మట్టిబెడ్డలా ఉంటుంది, ఏది పైనో ఏది కిందో తెలీదు. ముందురోజు రాత్రి నీళ్లలో నానబెట్టి అడ్డంగా పడుకోబెట్టి నాటితే చాలు.

సైబీరియన్ స్క్విల్, గ్లోరీ ఆఫ్ ది స్నో మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో నీలంగా పూస్తాయి. స్క్విల్ పుప్పొడి కూడా నీలమే. క్రోకస్ మీంచి లేచిన తేనెటీగ వెనక కాళ్లకి నారింజ పసుపు ముద్దలుంటే, స్క్విల్ మీద పనిచేసిన దానికి బూడిద కలిసిన నీలం ముద్దలు ఉంటాయి. పక్కన గొంతుక్కూర్చుంటే ఈ తేడా కంటికి స్పష్టంగా కనిపిస్తుంది, పిల్లలకి తప్పకుండా చూపించండి. అయితే స్క్విల్ గురించి ఒక హెచ్చరిక. ఇది విపరీతంగా పాకుతుంది. మిన్నెసోటా వైపు తోటలు దాటి అడవుల్లోకి పోయి అక్కడి మొక్కలకి చోటు లేకుండా చేస్తోంది. మీ పెరడు అడవికో వాగుకో ఆనుకుని ఉంటే స్క్విల్ జోలికి పోకండి, క్రోకస్‌తో సరిపెట్టుకోండి. చుట్టూ కాంక్రీటు, లాన్లు ఉన్న టౌన్‌షిప్పులో అయినా ముందు మీ రాష్ట్రంలో దాని మీద ఏమంటున్నారో చూసుకుని కొనండి.

చివరగా ఏప్రిల్‌లో గ్రేప్ హయసింత్, మస్కారీ అని కూడా రాస్తారు, చిన్న నీలం ద్రాక్షగుత్తి ఆకారం. మకరందం బాగా ఉంటుంది. దీని ఆకులు నాటిన ఏడాదే చలికాలానికి ముందు పైకొచ్చేస్తాయి, అయ్యో తప్పు టైములో మొలిచిందే అని టెన్షన్ పడకండి, దాని పద్ధతే అంత.

వీటిలో కనీసం మూడు రకాలు, ఒకదాని తర్వాత ఒకటి పూసేలా తీసుకోండి. స్నోడ్రాప్, టామీ క్రోకస్, గ్రేప్ హయసింత్ పెడితే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ చివరిదాకా మీ పెరట్లో ఏదో ఒకటి ఉంటుంది. చికాగో వైపు ఇదంతా రెండు మూడు వారాలు ఆలస్యంగా జరుగుతుంది. ఈ పూలన్నీ యూరప్, పశ్చిమాసియా ప్రాంతాలవి, అమెరికా సొంత మొక్కలు కావు. గుంపుగా కాకుండా దేని గూడు అది కట్టుకునే ఇక్కడి కొన్ని ఒంటరి ఈగలు ఇక్కడి పూల పుప్పొడి తప్ప ఇంకోటి తమ పిల్లలకి పెట్టవు. స్ప్రింగ్ బ్యూటీ అని లేత గులాబీ గీతలున్న చిన్న పువ్వు ఉంది, దాని పుప్పొడి మీదే ఆధారపడిన చిన్న ఈగ ఒకటి ఉంది. అందుకే పెరట్లో ఆకురాల్చే చెట్టు నీడ ఉంటే దాని కింద స్ప్రింగ్ బ్యూటీ, ట్రౌట్ లిల్లీ, డచ్‌మన్స్ బ్రీచెస్ లాంటి ఇక్కడి సొంత మొక్కల దుంపలు కూడా కొన్ని పెట్టండి. అడవిలోంచి తవ్వుకొచ్చినవి కాకుండా నర్సరీలో పెంచినవే కొనండి, అడిగితే చెప్తారు. వీటికి ఓపిక కావాలి, ట్రౌట్ లిల్లీ పూయడానికి కొన్నేళ్లు పడుతుంది.

కొనేటప్పుడు ఇంకో ప్రశ్న అడగాలి, నాకు అన్నింటికంటే పట్టింపు ఉన్న ప్రశ్న ఇదే: ఈ దుంపలకి నియోనిక్ మందు కలిపారా? నియోనికోటినాయిడ్స్ అనే పురుగుమందులు మొక్క ఒంట్లోకి ఎక్కి పుప్పొడిలోకి, మకరందంలోకి కూడా చేరతాయి. ఈగల కోసం పువ్వు పెట్టి ఆ పువ్వులో విషం పెట్టినట్టవుతుంది. యూరోపియన్ యూనియన్ 2018లోనే వీటిలో మూడింటిని ఆరుబయట పొలాల్లో వాడటం నిషేధించింది. అమ్మేవాళ్లకి తెలియకపోతే ఆర్గానిక్ దుంపలు అమ్మేవాళ్ల దగ్గర తీసుకోండి, కొంచెం ధర ఎక్కువైనా.

చేతిలోకి తీసుకుని నొక్కి చూడండి. గట్టిగా, బరువుగా ఉండాలి. మెత్తబడినా, బూజు పట్టినా, తేలిగ్గా డొల్లలా ఉన్నా వదిలేయండి. పైపొర ఊడిపోయి ఉంటే ఫర్వాలేదు. సైజు పెద్దదైతే మొదటి ఏడాది ఎక్కువ పూలు.

ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే ఒక జాగ్రత్త. ఈ దుంపల్లో చాలావి అచ్చం చిన్న ఉల్లిపాయల్లా, సాంబారు ఉల్లిపాయల్లా ఉంటాయి. స్నోడ్రాప్, డాఫోడిల్, స్క్విల్, ఎకోనైట్, ఇవన్నీ తింటే విషం. ఊర్నుంచి వచ్చిన అమ్మో అత్తయ్యో గరాజ్‌లో సంచి చూసి వంటింట్లోకి తెచ్చే అవకాశం నిజంగా ఉంది. సంచి మీద తెలుగులో పెద్దక్షరాలతో రాయండి, ఉల్లిపాయల బుట్టకి దూరంగా పెట్టండి. క్రోకస్ మన కుంకుమపువ్వు కుటుంబానిదే, పువ్వు మధ్యలో నారింజ రంగు పోగులు చూసి పాయసంలో వేద్దామా అనిపిస్తుంది. వద్దు. అసలు కుంకుమపువ్వు వేరే జాతి, అది అక్టోబరు, నవంబరుల్లో పూస్తుంది. అదే రోజుల్లో ఆటమ్ క్రోకస్ పేరుతో అమ్మే కోల్చికమ్ అనే పువ్వు అయితే ప్రాణం తీసేంత విషం.

ఎప్పుడు

దసరా వెళ్లాక కొని దీపావళి అటూ ఇటూ నాటండి, న్యూజెర్సీకి ఈ లెక్క దాదాపు సరిపోతుంది. అసలు కొలత పండగ కాదు, మట్టి. నేల వేడి 60 డిగ్రీల కంటే తగ్గాలి. సెప్టెంబరు వేడిలో నాటితే దుంపకి బూజు పట్టొచ్చు. మరీ ఆలస్యం చేసి నేల గడ్డకట్టాక నాటలేరు. నేల గడ్డకట్టడానికి ముందు కనీసం నెల, నెలన్నర ఉంటే దుంప వేళ్లు పోసుకుంటుంది. చికాగో, మిచిగన్ వాళ్లు ఇంకాస్త ముందు, సెప్టెంబరు చివర్నుంచి అక్టోబరు మధ్యలో నాటుకోవాలి. పార్శిల్ ఆలస్యమై థాంక్స్‌గివింగ్ నాటికి చేరినా పారేయకండి, పార దిగుతున్నంతకాలం నాటొచ్చు, వచ్చే ఏడాది దాకా దాచితే మాత్రం చచ్చిపోతాయి.

చలికాలపు చలిని బట్టి ఊళ్లని జోన్లుగా విడగొట్టిన యూఎస్‌డీఏ (అమెరికా వ్యవసాయ శాఖ) మ్యాప్‌లో జిప్ కోడ్ కొట్టి మీ ఊరు ఏ జోన్‌లో ఉందో చూడండి. 2023లో కొత్త మ్యాప్ ఇచ్చారు, చాలా ఊళ్లు అర జోన్ వెచ్చని వైపుకి మారాయి. పైన చెప్పిన దుంపలు జోన్ 4 నుంచి 7 వరకు ఎలాంటి దిగులూ లేకుండా బతుకుతాయి. వీటికి చలి శత్రువు కాదు, అవసరం. పన్నెండు పదిహేను వారాల చలి తగిలితే తప్ప లోపల ఉన్న మొగ్గ కాడ సాగి పైకి రాదు.

ఎక్కడ

ఇంటి దక్షిణం వైపు గోడ పక్కన, పొద్దున్న పదింటి నుంచి మధ్యాహ్నం దాకా ఎండ పడే చోటు మొదట చూడండి. అక్కడ మంచు ముందు కరుగుతుంది, పూలు వారం పది రోజులు ముందు వస్తాయి. క్రోకస్‌కి ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే చలికీ మబ్బుకీ క్రోకస్ పువ్వు గట్టిగా ముడుచుకుపోయి ఉంటుంది, ఎండ తగిలి కాస్త వెచ్చబడితేనే విచ్చుకుంటుంది. ముడుచుకున్న పువ్వు ఈగకి ఉన్నా లేనట్టే. ఆకురాల్చే చెట్ల కిందా బాగానే ఉంటుంది, ఆ చెట్లు చిగురించే లోపు వీటి పని అయిపోతుంది. స్నోడ్రాప్, ఎకోనైట్ చెట్ల కిందే ఇంకా సంతోషంగా ఉంటాయి.

నీళ్లు నిలిచే చోటు మాత్రం వద్దు. వాన పడ్డాక మర్నాటికి కూడా చిత్తడిగా ఉంటే అక్కడ దుంప కుళ్లిపోతుంది. న్యూజెర్సీలో చాలాచోట్ల బంకమట్టే. ఆరేడు అంగుళాల లోతు తవ్వి కంపోస్ట్ బాగా కలపండి, లేదా మట్టి పోసి కొంచెం ఎత్తు చేసిన మడిలో నాటండి. వేసవిలో రోజూ స్ప్రింక్లర్ తడిపే చోటు కూడా మంచిది కాదు, దుంప నిద్రపోయే నెలల్లో దానికి పొడిగా ఉండాలి.

నాటడం

గుంపుగా నాటండి. దారి పక్కన అడుగుకొకటి చొప్పున వరసగా పెట్టడం చూస్తుంటాం, చూడ్డానికీ బాగుండదు, ఈగకీ పనికిరాదు. చల్లటి రోజు ఈగకి ఎగరడమే పెద్ద ఖర్చు. ఒక్క పువ్వు కోసం అంత దూరం రాదు, ఒకచోట యాభై పూలుంటే వస్తుంది, పక్కపక్కనే నడుచుకుంటూ తిరుగుతుంది. రకానికి కనీసం పాతిక, వీలైతే యాభై, ఒకే చోట. వంద క్రోకస్‌లు మొత్తం ఒక చిన్న చాపంత జాగాలో పట్టేస్తాయి.

ఒక్కో దుంపకి ఒక్కో గుంట తవ్వితే నడుం పోతుంది. అంత జాగా మొత్తం ఒకేసారి మూడు నాలుగు అంగుళాల లోతు మట్టి తీసి పక్కన టార్ప్ మీద పోయండి. దుంపలు రెండు మూడు అంగుళాల ఎడంలో, మొన వైపు పైకి పెట్టి పేర్చండి. క్రోకస్, స్క్విల్, గ్రేప్ హయసింత్‌లకి మూడు నాలుగు అంగుళాల లోతు, స్నోడ్రాప్‌కి మూడు, ఎకోనైట్‌కి రెండు చాలు. ఏ దుంపకైనా దాని ఎత్తుకి రెండు మూడింతల లోతు అని గుర్తుపెట్టుకుంటే సంచి మీద రాసింది పోయినా ఇబ్బంది ఉండదు. తలకిందులుగా పడినా వంకర తిరిగి ఎలాగో పైకొస్తుంది, ఒక్కోదాన్నీ పరీక్షగా చూస్తూ కూర్చోనక్కర్లేదు. మట్టి కప్పి, చేత్తో నొక్కి, ఒకసారి బాగా నీళ్లు పెట్టండి. తర్వాత వానలే చూసుకుంటాయి, అక్టోబరు మొత్తం చినుకు లేకపోతే వారానికోసారి తడపండి.

బోన్ మీల్ వేయమని చాలామంది చెప్తారు. నేను వేయను. ఆ వాసనకి పక్కింటి కుక్క దగ్గర్నుంచి రకూన్ దాకా తవ్వడానికి వస్తాయి, మొదటి ఏడాదికి కావాల్సింది దుంప లోపలే ఉంటుంది. కంపోస్ట్ చాలు.

లాన్‌లో నాటాలనుకుంటే, నా ఉద్దేశంలో క్రోకస్‌లు అన్నింటికంటే అందంగా ఉండేది లాన్‌లోనే, పచ్చగడ్డి చివరిసారి పొట్టిగా కోసి, దుంపలు గుప్పిటతో విసిరి, పడ్డచోటే పార మొనతో గడ్డిని చీల్చి, మట్టిని కొంచెం వెనక్కి ఒరిపి, దుంప దించి కాలితో నొక్కేయండి. ఇక్కడ టామీ రకం, క్రిసాంథస్ రకం బాగా కుదురుతాయి.

ఉడతలు, జింకలు

ఉడతలకి క్రోకస్ దుంపంటే ప్రాణం. నాటిన మొదటి రెండు వారాలే గండం, అప్పుడే తవ్విన మట్టి వాసన పసిగడతాయి. నాటాక రాలిన పైపొరలు, తొక్కలు ఒక్కటి కూడా అక్కడ వదలకుండా ఏరేయండి, నీళ్లు పెట్టి మట్టి అణిచేయండి, పైన ఎండుటాకులు పరవండి. ఉడతలు మరీ ఎక్కువైతే అంగుళం కంతలున్న కోళ్ల జాలీ తెచ్చి దుంపల మీద పరిచి పైన అంగుళం మట్టి పోయండి, ఆకులు ఆ కంతల్లోంచి వచ్చేస్తాయి, ఉడత చెయ్యి పట్టదు. కారప్పొడి చల్లితే చాలంటారు. ఒక్క వానకి కొట్టుకుపోతుంది, మన కారం దండగ.

జింకలు తిరిగే ఊళ్లలో క్రోకస్ పూలు పొద్దున్నకల్లా మాయమవుతాయి, కుందేళ్లదీ అదే అలవాటు. అలాంటిచోట స్నోడ్రాప్, ఎకోనైట్, గ్రేప్ హయసింత్‌ల మీద ఆధారపడండి, వాటిని మామూలుగా ముట్టుకోవు. క్రోకస్ కావాలంటే ఇంటి గుమ్మానికి దగ్గరగా పెట్టండి.

పూలు వచ్చాక చేయాల్సింది, చేయకూడనిది

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మనం అంటాం, ఇక్కడ పోదు. పువ్వు వచ్చాక మళ్లీ ఆరంగుళాల మంచు పడుతుంది. ఏమీ చేయకండి. దుప్పట్లు కప్పొద్దు, మంచు ఊడ్చొద్దు. స్నోడ్రాప్, క్రోకస్ వంగిపోయి, మంచు కరగగానే లేచి నిలబడతాయి.

పూలు అయిపోయాక ఆకులు కోయకూడదు, ముడేసి కట్టకూడదు. వచ్చే ఏడాది పువ్వుకి తిండి తయారయ్యేది ఆ ఆకుల్లోనే. అవి వాటంతట అవి పసుపు రంగుకి తిరిగేదాకా, సుమారు ఆరు వారాలు, వదిలేయాలి. లాన్‌లో క్రోకస్ ఆకు గడ్డిపోచలాగే సన్నగా, మధ్యలో తెల్ల గీతతో ఉంటుంది, తెలియనివాళ్లు గడ్డి అనుకుని కోసేస్తారు. మీరు లాన్ పనివాళ్లకి ఇచ్చి ఉంటే మార్చిలోనే వాళ్లతో మాట్లాడండి, ఆ ముక్క చుట్టూ చిన్న జెండాలు గుచ్చండి, మే మధ్య దాకా అక్కడ మిషన్ పెట్టొద్దని చెప్పండి. హెచ్‌ఓఏ (కాలనీలో ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లు గడ్డి పెరిగిందని ఉత్తరం పంపుతారేమోనని భయముంటే ముందువైపు మడిలోనూ, లాన్‌లో నాటేవి వెనకవైపునూ పెట్టుకుంటే గొడవుండదు.

లాన్ మీద మందు కొట్టడం అనేది అసలు సమస్య. చాలా ఇళ్లలో ఏడాదికి ఇన్నిసార్లని లాన్ సర్వీస్ కాంట్రాక్టు ఉంటుంది, ఏం కొడుతున్నారో ఎవరూ అడగరు, గుమ్మం ముందు చిన్న జెండా పెట్టి పోతారు. గడ్డి వేళ్లు తినే పురుగుల కోసం వేసే మందుల్లో ఇమిడాక్లోప్రిడ్ ఉండొచ్చు, ఇదీ ఆ నియోనిక్ కుటుంబంలోదే. దాన్ని లాన్‌లో ఉన్న క్రోకస్ వేళ్లు కూడా పీల్చుకుంటాయి. కాంట్రాక్టు కాగితం తీసి మందుల పేర్లు చదవండి, ఇది వద్దని రాతపూర్వకంగా చెప్పండి. గడ్డిలో ఇతర మొక్కల్ని చంపే మందు కలిపిన ఎరువు కూడా దుంపలున్న చోట చల్లనివ్వొద్దు. ఇవేవీ ఆపలేని పరిస్థితైతే లాన్‌లో నాటకండి, మందు తగలని మడిలో నాటండి. ఈ విషయంలో మధ్యేమార్గం నాకైతే కనిపించలేదు.

మార్చి, ఏప్రిల్‌లో లాన్‌లో గడ్డి పలచగా ఉన్నచోట చిన్న చీమల పుట్టల్లాంటి మట్టి కుప్పలు, మధ్యలో పెన్సిల్ పట్టేంత రంధ్రం, వాటి మీద తక్కువ ఎత్తులో ఈగలు గిరగిరా తిరుగుతూ కనిపిస్తే పెస్ట్ కంట్రోల్‌కి ఫోన్ చేయకండి. అవి నేలలో గూడు కట్టుకునే ఒంటరి ఈగలు. అక్కడక్కడే తిరిగేవాటిలో ఎక్కువ మగవి, మగవాటికి కొండి ఉండదు, ఆడవి కూడా చేత్తో పట్టుకుని నొక్కితే తప్ప కుట్టవు. కొన్ని వారాల్లో వాటి పని చూసుకుని పోతాయి. ఇంట్లో ఈగ కుట్టుడు అలర్జీ ఉన్నవాళ్లుంటే మాత్రం పిల్లలు ఆడుకునే చోటికీ, తలుపు దగ్గరికీ దూరంగా దుంపలు నాటుకోవడం మంచిది.

ఎండుటాకులు, పాత కాడలు కూడా తొందరపడి మార్చి మొదట్లోనే ఊడ్చేయకండి. వాటి కింద ఇంకా నిద్ర లేవని ప్రాణులు ఉంటాయి. దుంపలు మొలిచేచోట మందంగా పేరుకున్న ఆకుల్ని చేత్తో పక్కకి జరిపితే చాలు, మిగతాది ఉగాది దాటాక చూసుకోవచ్చు.

పెరడు లేనివాళ్లు, టెక్సస్ వాళ్లు

అపార్ట్‌మెంట్ బాల్కనీలో కుండీల్లోనూ ఇవి వస్తాయి. అడుగున కన్నాలున్న, పది పన్నెండు అంగుళాల లోతు కుండీ తీసుకుని కింద వరస గ్రేప్ హయసింత్, పైన వరస క్రోకస్ పేర్చండి, కుండీలో దగ్గర దగ్గరగా పెట్టొచ్చు. కుండీ మట్టి నేల కంటే ఎక్కువగా గడ్డకడుతుంది కాబట్టి జనవరిలో గోడ వారకి జరిపి పాత దుప్పటి చుట్టండి, లేదా వేడి లేని గరాజ్‌లో పెట్టి నెలకోసారి కొంచెం తడపండి. ఇంట్లో హీటర్ పక్కన పెడితే చలి తగలక పూయదు.

డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్ వాళ్లకి ఈ దుంపల్లో చాలావాటికి చాలినంత చలి లేదు. ఫ్రిజ్‌లో పన్నెండు వారాలు పెట్టి తీసి నాటొచ్చు, కానీ అదే ఫ్రిజ్‌లో ఆపిల్స్, అరటిపళ్లు ఉండకూడదు, పళ్ల నుంచి వచ్చే ఎథిలీన్ వాయువు లోపలి మొగ్గని చంపేస్తుంది. పైగా చాలావరకు ఒక్క ఏడాది ముచ్చటే. అంత శ్రమ పడే బదులు అక్కడ గ్రేప్ హయసింత్ ఒక్కటి ప్రయత్నించి, మిగతా జాగాలో అక్కడి నేలకి అలవాటైన తొలి వసంతపు మొక్కలు పెట్టుకోవడమే మేలని నా అభిప్రాయం.

తర్వాతి ఏళ్లు

మొదటి ఏడాది పల్చగా కనిపిస్తే నిరాశపడకండి, రెండో మూడో ఏడాదికి గుంపు చిక్కబడుతుంది. స్నోడ్రాప్, స్క్విల్ గింజల్ని చీమలు మోసుకెళ్లి మీరు నాటని చోట కూడా మొలిపిస్తాయి. ఆకులు బోలెడు వచ్చి పూలు తగ్గిపోయాయంటే దుంపలు లోపల ఇరుక్కుపోయాయని అర్థం. క్రోకస్ అయితే ఆకులు పసుపు తిరిగిన వెంటనే, జాడ ఇంకా తెలుస్తుండగానే తవ్వి, విడదీసి, సగం అక్కడే నాటి సగం ఇంకోచోట పెట్టండి. స్నోడ్రాప్‌ని మాత్రం పూలు వాడగానే, ఆకు పచ్చగా ఉన్నప్పుడే మట్టితో సహా పెళ్లగించి విడదీసి నాటాలి, ఎండిన దుంప కంటే ఇలా బాగా నాటుకుంటుంది. పక్కింటివాళ్లకో గుడిలో కలిసే స్నేహితులకో ఇవ్వాలంటే అదే అదను, తడి పేపర్లో చుట్టి ఇచ్చి, ఆ రోజే నాటేయమని, ఆకులు కోయొద్దని, మందు కొట్టొద్దని చెప్పి ఇవ్వండి.